బాబాయి చెప్పులు: కేంద్ర క్రీడల మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

కేంద్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికొచ్చి అక్కడే ఉండిపోయారు. తర్వాత నాన్న, ఆయన వెనక బాబాయి, అందరూ అదే సైరన్‌కి లేచి అదే గేట్లోంచి వెళ్ళినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఫుట్‌బాల్ మాట వస్తే మాత్రం బెంగాలీ. తిట్లు ఆ భాషలోనే బాగా పండుతాయని బాబాయి నమ్మకం.

మాకిప్పుడు అరవై దాటాయి. పాత స్నేహితులం కలిస్తే గోల్ ఎవరు కొట్టారన్నది తర్వాతి సంగతి, ముందు గ్యాలరీ కబుర్లే. రిఫరీ మీదికి గొడుగు విసిరిందెవడు, గోడ దూకబోయి పంచె అక్కడే వదిలేసిందెవడు... కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకుంటాం. ఈ ఉత్తరం ఆ నవ్వు గురించే. ఎక్కడ తొక్కిసలాట జరిగినా మర్నాడు టీవీలో ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని "ఈ అభిమానులెప్పుడూ ఇంతేనండీ" అంటాడు. మేం నవ్వుతూ చెప్పుకునే కథలే అక్కడ మా మీద సాక్ష్యాలవుతున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1974లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, బాబాయి నన్ను మొదటిసారి ఫుట్‌బాల్ చూడ్డానికి కలకత్తా మైదాన్‌కి తీసుకెళ్ళాడు. పొద్దున్నే లోకల్ ఎక్కి, హౌరాలో దిగి, బ్రిడ్జి దాటి నడక. అప్పుడే వాన వెలిసింది, కాళ్ళ కింద గడ్డి బురదైపోయింది. టికెట్ లైను కదలదు. పక్కనే గుర్రం మీద పోలీసు. ఆ గుర్రం ఊపిరి నా చెవికి వెచ్చగా తగులుతోంది. గేటు తెరిచారు. అంతే, నా కాళ్ళు నేలమీద లేవు. నేను నడవలేదు, జనమే నన్ను మోసుకుపోయారు. ముందువాడి తడి చొక్కాలో నా ముక్కు, వెనకవాడి మోచెయ్యి నా వీపులో, పైన ఎక్కడో బాబాయి గొంతు: "చెయ్యి వదలకురా!" చెక్క గ్యాలరీలో పడ్డాక చూసుకుంటే ఎడమకాలి చెప్పు లేదు. కొత్త చెప్పులు. ఏడుపు మొహం పెట్టాను. "చెప్పు పోతే పోయింది, నువ్వు మిగిలావుగా," అని బాబాయి నవ్వాడు. పక్కనున్న ముసలాయన తన పొట్లంలోంచి గుప్పెడు మరమరాలు నా చేతిలో పోశాడు. ఆ రోజు ఎవరు గెలిచారో చెప్పమంటే చెప్పలేను. ఆ గుర్రం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

ఆ జనానికి అల్లరితో పాటు తెలివీ ఉండేది. 1911లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ జట్టు, ఒక్కడు తప్ప అందరూ వట్టి కాళ్ళతో ఆడి, బ్రిటిష్ సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ రోజు లోపలికి వెళ్ళలేనివాళ్ళకి స్కోరు తెలియడానికి గాలిపటాలు ఎగరేశారట. టికెట్ దొరకనివాళ్ళు అట్టపెట్టెల్లో అద్దం ముక్కలు అమర్చి, పెరిస్కోపులా పైకెత్తి, ముందువాళ్ళ తలల మీదుగా ఆట చూసేవాళ్ళు. ఆట చూడాలన్న ఆకలి అంతుంటే తోపులాట లేకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

అలాగని మేం బుద్ధిమంతులమని చెప్పబోవడం లేదు. ఇటుక ముక్కలు పడేవి. రిఫరీ ఇంట్లో ఆడవాళ్ళని కూడా వదిలేవాళ్ళు కాదు. ఆ మాటలు ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. మోహన్ బగాన్‌కి పోటీ క్లబ్బు ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వార్తాపత్రికలు చుట్టి కాగడాలు వెలిగించేవాళ్ళు, అదీ చెక్క గ్యాలరీల్లో! 1985లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండు అంటుకుని 56 మంది పోయారని చదివిన రోజు, ఆ కాగడాలు తలుచుకుని నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

అయినా గోల వేరు, చావు వేరు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ చూడండి. కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబ్, అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. రాజకీయ గొడవ వల్ల స్టేడియం నిండా ఉన్న జనం మనకి ఎదురు తిరిగారు, మన జాతీయగీతానికే గోల చేశారు. అంత కోపంలోనూ ఆట ఆగలేదు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి మనవాళ్ళు బంగారు పతకంతో ఇంటికొచ్చారు. కేకలకి చెవులు నొప్పి పుడతాయేమో గానీ ప్రాణాలు పోవు.

మరి ప్రాణాలు దేనివల్ల పోతాయి? 1980 ఆగస్టు 16, శనివారం. ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లీగ్ మ్యాచ్. నాకు జ్వరం, బాబాయి ఒక్కడే వెళ్ళాడు. రెండు క్లబ్బుల వాళ్ళనీ ఒకే స్టాండులో కూర్చోబెట్టారు. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళు తలపడ్డారు, రిఫరీ ఇద్దర్నీ బయటికి పంపాడు. ఆ కోపం స్టాండుకి ఎక్కింది. కొట్టుకున్నారు, తప్పించుకోబోయినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. 16 మంది చచ్చిపోయారు. మా ఇంట్లో రేడియోలో విన్నాం. పిన్ని వరండాలో నిలబడే ఉంది, అన్నం ముట్టలేదు. బాబాయి ఆఖరి లోకల్‌కి వచ్చాడు, చొక్కా చిరిగి, వట్టి కాళ్ళతో.

"చెప్పులేవండీ?" అంది పిన్ని. ఇంకేం అడగాలో తెలియక అడిగి ఉంటుంది.

బాబాయి మాట్లాడకుండా కుళాయి దగ్గర కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ ఉండిపోయాడు. కాళ్ళు ఎప్పుడో శుభ్రపడ్డాయి, ఆయన లేవలేదు. మెట్ల నిండా చెప్పులేనని, వాటిలో తనవి వెతకబుద్ధి కాలేదని కొన్నేళ్ళ తర్వాత నాతో ఒక్కడితోనే అన్నాడు. మళ్ళీ గ్యాలరీ ఎక్కలేదు. "చెప్పు పోతే పోయింది" అన్న మాట కూడా ఆయన నోట మళ్ళీ వినలేదు.

ఆ రోజు కొట్టుకున్నవాళ్ళది తప్పు కాదని నేననను. కానీ ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి, ఎంతమందిని లోపలికి వదలాలి, ఏ తలుపు ఎప్పుడు తియ్యాలి అన్నది గ్యాలరీలో ఉన్నవాడి చేతిలో ఉండదు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో ఏం జరిగిందో మీ అధికారులకి తెలిసే ఉంటుంది. అప్పటికే నిండిపోయిన స్టాండులోకి ఇంకా జనాన్ని వదిలారు, ముందు ఇనుప కంచె. 97 మంది పోయారు. వెంటనే నిందేమో తాగుబోతు అభిమానుల మీద పడింది. వాళ్ళ పాత అల్లరి పేరు ఉండనే ఉంది కదా, జనం నమ్మేశారు. అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. 27 ఏళ్ళు! బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో కొందరు ఆ మాట వినకుండానే పోయారు.

ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో 2022లో గ్యాలరీలోకి బాష్పవాయువు వదిలితే జనం గేట్ల దగ్గర నలిగిపోయారు, 135 మంది. స్టేడియంలో ఆ వాయువు వాడకూడదని ఫిఫా నియమాల్లోనే ఉంది. మన దగ్గర 2025 జూన్ 4న బెంగళూరులో ఆట కూడా లేదు, క్రికెట్ విజయోత్సవం. స్టేడియం గేట్ల బయట 11 మంది పోయారు.

అయ్యా, 2025లోనే జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. సమాఖ్యల్లో ఆటగాళ్ళకి చోటిచ్చారు, సంతోషం. టికెట్ కొనుక్కుని గ్యాలరీలో కూర్చునేవాడి మాట ఎక్కడ వింటారు? పెద్ద మ్యాచ్‌కి ముందు పోలీసులు, నిర్వాహకులు, క్లబ్బులవాళ్ళు కలిసి మీటింగ్ పెడతారు కదా, ఆ మీటింగ్‌లో రెండు జట్ల అభిమానుల్నీ ఒక్కొక్కరిని తప్పనిసరిగా కూర్చోబెట్టండి. ఏ మలుపు దగ్గర జనం ఆగిపోతారో, ఏ మెట్లు జారతాయో, ఏ గేటుకి ఆట అయిపోయినా తాళం వేలాడుతూ ఉంటుందో వాళ్ళకి ఏ మ్యాపూ అక్కర్లేకుండా తెలుసు. ఆఖరి విజిల్‌కి పది నిమిషాల ముందే అన్ని గేట్లూ తెరవాలని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. తాళంచెవి ఉన్న మనిషి ఆ గేటు దగ్గరే నిలబడాలి, టీ తాగడానికి వెళ్ళకూడదు. ఎక్కడైనా తొక్కిసలాట జరిగితే, లోపలికి ఎంతమందిని వదిలారో, ఏ గేటు మూసి ఉందో ఆ లెక్క బయటపెట్టకుండా జనాన్ని అల్లరిమూకలు అనొద్దని మీ కింది అధికారులకి చెప్పండి. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు.

ఏటా ఆగస్టు 16న కలకత్తాలో ఆ 16 మంది పేరున రక్తదానం చేస్తారు. ఈసారి వీలు చూసుకుని రండి. అక్కడ నాలాంటి ముసలాళ్ళు చాలామంది ఉంటారు. మీరు అడిగితే ముందు నవ్వుతూ గొడుగు కథ, పంచె కథ చెబుతారు. కాసేపు ఓపిక పట్టి కూర్చోండి, ఆ తర్వాత చెప్పేది వినండి.

ఇట్లు,
మైదాన్‌లో ఎడమకాలి చెప్పు పోగొట్టుకున్న ఒక ప్రేక్షకుడు