షియాన్‌లో నా ఆకలి కనిపెట్టిన అమ్మకు

మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లిన హ్యూయన్‌త్సాంగ్ తీసుకెళ్లిన గ్రంథాల కోసం 652లో కట్టిన పగోడా చూడాలనే చైనాలోని షియాన్ వెళ్లాను. చూశాను, మనసు నిండిపోయింది. తిరిగొచ్చేసరికి రాత్రి పది దాటింది. ఒకటే చలి. ముస్లిం వీధి వెనక సందుల్లో ఫోన్ ఆగిపోయింది. మ్యాపు, డబ్బు, హాస్టల్ అడ్రసు అన్నీ అందులోనే. చైనీస్ ఒక్క ముక్క రాదు. టెన్షన్‌తో కాళ్లు ఆడలేదు.

కొట్టు కట్టేస్తున్న ఒకావిడ నా మొహం చూసి షట్టర్ మళ్లీ పైకెత్తింది. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, ముందు గ్లాసుడు వేడినీళ్లు ఇచ్చింది. తర్వాత ఓ గట్టి రొట్టె చేతిలో పెట్టి, చిన్న చిన్న ముక్కలుగా ఎలా తుంచాలో తన వేళ్లతో చూపించింది. నావి పెద్ద ముక్కలయ్యాయి. గిన్నె తన వైపు లాక్కుని, వాటినే మళ్లీ శనగగింజంత చేసి, పొగలు కక్కే మాంసం పులుసు పోసింది. చిన్నప్పుడు మా అమ్మ నా కంచంలో ముద్దలు కలిపినట్టే!

డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి మూసేసింది. బెల్ టవర్ దాకా నడిచొచ్చి, టాక్సీ ఎక్కించి, డ్రైవర్‌కి అడ్రసు రెండుసార్లు చెప్పింది. బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

అమ్మా, మీ పేరైనా అడగలేకపోయాను. మీకు శతకోటి దండాలు.