చుక్క రాలిన చోటే లీకేజీ ఉందనుకోవద్దు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కారు ఇంజన్ నుంచి ఆయిల్ కారుతోందని వర్క్‌షాపుకు వెళ్లినవారికి, అది ఏ చోటు నుంచి కారుతోందో చూపించకముందే ఖర్చు ఎంతవుతుందో చెప్పే అలవాటు మన ఊళ్లలో పాతుకుపోయింది. ఒక పాలిటెక్నిక్ ఆటోమొబైల్ వర్క్‌షాపులో 28 ఏళ్లు పనిచేసి, విద్యార్థుల చేత ఇంజన్లు విప్పించి బిగింపించినవాడిగా, ఈ విషయం మీద నాలుగు మాటలు మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి వేసవిలో మా మేనల్లుడు తన పెట్రోలు కారు తీసుకుని ఇంటికి వచ్చాడు. బండి కొని తొమ్మిదేళ్లయింది. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య అతుకు దగ్గర నుంచి రాత్రికి నాలుగైదు చుక్కలు నేలమీద పడుతున్నాయి. అంతకుముందు అతను చూపించిన వర్క్‌షాపులో బండిని లిఫ్ట్ మీద ఎత్తి, కింద నుంచి ఒక్క చూపు చూసి, క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ పోయిందనీ, గేర్‌బాక్సు దించాలనీ, ఎలాగూ దించుతారు కాబట్టి క్లచ్ సెట్టు కూడా మార్చుకోవడం మంచిదనీ చెప్పి, 18,000 రూపాయల అంచనా చేతిలో పెట్టారు. ఆ సీల్ ఉండే చోటు అదే కాబట్టి వారి అనుమానం అసంబద్ధమైనదేమీ కాదు. కానీ ఆ ఇంజన్ పైనుంచి కిందిదాకా దుమ్మూ నూనే కలిసి అట్టకట్టి ఉంది. అంత మడ్డి కింద ఏది పాత తడో, ఏది కొత్త తడో చెప్పడం ఎంత అనుభవం ఉన్నవారికైనా సాధ్యం కాదు.

మరునాడు పొద్దున ఇద్దరం కలిసి ఇంజన్ కడిగాం. చల్లారిన ఇంజన్ మీద, ఆల్టర్నేటరుకూ వైర్ల కనెక్టర్లకూ ప్లాస్టిక్ సంచులు చుట్టి, జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, బ్రష్షుతో సందుసందునా రుద్ది, కొద్దిపాటి నీటితో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాం. ఆరాక అమరావతి దాకా నడుపుకుంటూ వెళ్లి వచ్చి, బానెట్ ఎత్తి, టార్చిలైటూ అరచేతిలో పట్టే చిన్న అద్దమూ పెట్టి వెనక భాగం చూశాం. ఇంజన్ పైన మూతలా ఉండే టాపెట్ కవర్ వెనక మూలలో, గేర్‌బాక్సు వైపు, దారమంత సన్నటి తడి గీత ఒకటి మొదలై, బ్లాకు వెనకగా దిగి, సరిగ్గా ఆ అతుకు దగ్గరకే చేరుతోంది. కవర్ విప్పి తీసిన ప్యాకింగ్, అంటే అతుకు సందు మూసే పట్టీ, రబ్బరుదే అయినా, వంచబోతే అప్పడంలా పుటుక్కున విరిగింది. ఇంజన్ లోపల చేరే గ్యాసును బయటికి పంపే పీసీవీ వాల్వు తీసి చెవి దగ్గర ఊపితే లోపల ఆడవలసిన ముక్క చప్పుడు చేయలేదు. మడ్డి పట్టి బిగుసుకుపోయింది. కొత్త ప్యాకింగూ, వాల్వూ, తెలిసిన మెకానిక్‌కు ఇచ్చిన కూలీ అన్నీ కలిపి 2,000 రూపాయలు దాటలేదు. ఆ తరువాత నెల రోజులు రాత్రిళ్లు బండి కింద అట్ట పరిచి చూశాం. చుక్క పడలేదు.

ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. నూనె పల్లానికే పారుతుంది. బండి నడిచేటప్పుడు కింద దూసుకుపోయే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. కాబట్టి చుక్క రాలే చోటు ఒకటి, కారే చోటు మరొకటి కావడం సర్వసాధారణం. తడిగా ఉన్న చోట్లన్నింటిలో అన్నిటికంటే ఎత్తుగా, బండి ముందువైపుకు ఉన్నదాన్ని మొదట అనుమానించాలి. కడిగి నడిపినా తేలకపోతే, ఆరిన ఇంజన్ మీద ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి మళ్లీ కాసేపు నడిపితే, నూనె దిగే దారి ఆ తెల్లదనం మీద గీత గీసినట్టు కనబడుతుంది. అప్పటికీ దొరకని మొండి లీకేజీకి, ఆయిల్లో ప్రత్యేకమైన డై కలిపి కొంత దూరం నడిపి, అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూస్తే, కారే చోటు పసుపు పచ్చగా మెరుస్తుంది. ఈ సామగ్రి ఏ వర్క్‌షాపుకూ భారమైనది కాదు.

పీసీవీ వాల్వు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవారు చాలా తక్కువ. పిస్టన్ రింగులను తప్పించుకుని కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. దాన్ని తిరిగి ఇంజన్ పీల్చుకునే గాలిలోకి పంపించే దారి ఈ వాల్వూ, దాని గొట్టాలూ. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సీల్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నూనెను బయటికి తోస్తుంది. అలాంటి ఇంజనుకు ఎంత మంచి సీల్ వేసినా కొద్ది నెలల్లో మళ్లీ కారుతుంది. అప్పుడు నింద వాల్వు మీద పడదు, సీల్ డూప్లికేట్‌దని కొట్టువాడి మీద పడుతుంది.

నేను మెకానిక్కులను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. నా దగ్గర చదివినవారిలో ఎందరో ఆ పనిలోనే ఉన్నారు, వారి కష్టం నాకు తెలుసు. అసలు చిక్కు మనం డబ్బు చెల్లించే పద్ధతిలో ఉంది. విప్పినందుకు కూలీ ఇస్తాం, వేసిన సామానుకు వెల ఇస్తాం, కానీ రెండు గంటలు కడిగి, ఆరబెట్టి, నడిపి, అద్దం పెట్టి వెతికినందుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వం. "ఊరికే చూసినందుకు కూడా డబ్బులా?" అని అడుగుతాం. పైగా పొద్దున బండి అప్పగించి సాయంత్రానికి కావాలంటాం. జ్వరం వస్తే మందుకు ముందు రక్తపరీక్షకు డబ్బు కట్టే మనం, ఇంజన్ దగ్గరకు వచ్చేసరికి పరీక్ష ఉచితంగా జరగాలని కోరుకుంటే, పరీక్ష మానేసి నేరుగా మందు రాసేవారే మిగులుతారు.

సర్వీసింగ్ అయిన వారం పది రోజుల్లో కారడం మొదలైతే, ఇంజన్ జోలికి పోకుండా ముందు రెండు చోట్లు చూడాలి. ఒకటి ఆయిల్ ఫిల్టరు. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. అది గమనించకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుని, ఒత్తిడికి జారి, ఇంజన్ అడుగున నూనె నిలవుండే చాంబరులోని నూనెంతా కొద్దిసేపట్లోనే బయటికి పోవచ్చు. రెండోది డ్రెయిన్ బోల్టు. దాని వాషర్ నలిగి అమరేలా చేసింది కాబట్టి ఆయిల్ మార్చినప్పుడల్లా దాన్నీ మార్చాలి. కొన్ని రూపాయల ఆ వాషర్ మార్చకుండా, పాతదాంతోనే కారడం ఆగాలని పానాకు పైపు తొడిగి బిగిస్తారు. చాంబరు అల్యూమినియందైతే మరలు అరిగిపోయి, చివరికి చాంబరే మార్చవలసి వస్తుంది. మా వర్క్‌షాపుకు వచ్చిన బండ్లలో ఈ బాధ చాలాసార్లు చూశాను. వీటి తరువాత చూడవలసినది ఆయిల్ ప్రెషర్ స్విచ్. వేలెడంత ఉండే ఈ స్విచ్ నుంచి కారిన నూనె ఇంజన్ ఒక పక్కంతా తడిపి చాంబరు ప్యాకింగ్ పోయినట్టు భ్రమ కలిగిస్తుంది.

కారింది ఇంజన్ ఆయిలేనా అన్నది కూడా తేల్చుకోవాలి. కింద తెల్ల కాగితం పరిస్తే చాలు. ఏసీ నీరు రంగు లేకుండా ఉంటుంది, కూలెంట్ ఆకుపచ్చగానో ఎర్రగానో నీళ్లలా పలచగా ఉంటుంది, ఇంజన్ ఆయిల్ గోధుమ లేదా నలుపు రంగులో వేళ్లకు జారుగా తగులుతుంది. బ్రేక్ ఆయిల్ అని అనుమానం వస్తే మాత్రం బండి కదపకూడదు.

ప్రతి చెమ్మకూ భయపడనక్కరలేదు. పాత ఇంజన్ అతుకుల దగ్గర కాస్త చెమర్చి, చుక్క రాలకుండా, నూనె కొలిచే డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకుండా ఉంటే వారానికోసారి చూసుకుంటూ నడపవచ్చు. కానీ బానెట్ కింద నుంచి మాడు వాసన వస్తే ఆలస్యం చేయరాదు. పైనుంచి దిగే నూనె కాలిపోయేంత వేడిగా ఉండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి వెళ్లే గొట్టాల భాగం) మీద పడుతున్నదని అర్థం, మంటలు లేచే ప్రమాదం ఉంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో ఆ బెల్టు మీద నూనె పడితే అది పాడై, తెగితే వాల్వులే వంగిపోవచ్చు.

డాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మతో వెలిగే ఎర్రదీపాన్ని గురించి అందరూ తెలుసుకోవాలి. చాలా కార్లలో అది నూనె మట్టాన్ని కాక ఒత్తిడిని చూపిస్తుంది. అంటే అది వెలిగేసరికే ఇంజన్ లోపల బేరింగులకు చాలినంత నూనె అందకపోతుండవచ్చన్నమాట. జాతీయ రహదారి మీద ఉన్నా సరే, "ముందు ఊరిలో మెకానిక్ ఉంటాడు" అనుకుని నడపకుండా, పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. ఆ రెండు కిలోమీటర్ల తొందర ఇంజన్ మొత్తాన్ని తినేస్తుంది.

మరమ్మతులో తరచుగా జరిగే మరో పొరపాటు, ప్యాకింగ్ మార్చకుండా బయటనుంచి సిలికాన్ గమ్ పూయడం. నూనె తడి మీద గమ్ పట్టుకోదు. ప్యాకింగ్‌తో పాటు అవసరానికి మించి పూసినా, లోపలికి ఒత్తుకున్న ముక్కలు ఊడి చాంబరు అడుగున ఉండే జల్లెడలో చిక్కుకుని నూనె రాకను అడ్డుకుంటాయి. గమ్ వాడవలసిన మూలలు ఏవో కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటాయి. అక్కడ మాత్రమే, శుభ్రంగా తుడిచి వాడాలి.

వర్క్‌షాపుల యజమానులకు నా విన్నపం: అంచనా కాగితం మీద "ఆయిల్ లీకేజీ" అని ఊరుకోకుండా, కడిగిన తరువాత ఏ చోటు నుంచి కారుతోందో రాసి, ఫోనులో ఫొటో తీసి కారు యజమానికి పంపండి. ఆ పరీక్షకు విడిగా రుసుము వేసి బిల్లులో చూపండి. మార్చిన పాత సీల్, ప్యాకింగ్ చేతికివ్వండి. కార్ల యజమానులకు: ఆ రుసుము అడిగితే బేరమాడకుండా చెల్లించండి, అడగని చోట మీరే అడిగి ఇవ్వండి, ఇంజన్ కడిగి చూపించేదాకా గేర్‌బాక్సు దించడానికి ఒప్పుకోవద్దు. బిల్లు తప్పక తీసుకోండి. సేవాలోపం మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే అదే ఆధారం. విప్పినప్పుడు దించిన పాత ఆయిల్‌ను కాలువలో పారబోయనివ్వకుండా, అనుమతి ఉన్న సేకరణదారులకే ఇస్తున్నారా అని కూడా అడగండి.

ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు చదివే పిల్లలకు శుభ్రమైన ఇంజన్ల మీదే కాక, మడ్డి పట్టి కారుతున్న పాత ఇంజన్ ఒకటి ముందు పెట్టి, పానా ముట్టకుండా కారే చోటు కనిపెట్టమనే పరీక్ష పెట్టాలని బోధకులను కోరుతున్నాను. అందుకు కావలసిన పాత ఇంజన్లు విజయవాడ ఆటోనగర్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్‌షాపు బోధకుడు,
గుంటూరు.