పిట్టల చావుకు సెల్ టవర్లే కారణమా? ‘2.0’ సినిమాపై ఒక ఫిర్యాదు

సంపాదకులకు నమస్కారం.

సెల్ టవర్ల వల్ల పిట్టలు చచ్చిపోతున్నాయని చూపించిన రజనీకాంత్ సినిమా ‘2.0’ 2018 నవంబరులో వచ్చింది. దాని మీద ఇప్పుడు ఉత్తరం రాయడమేంటని మీకు అనిపించొచ్చు. ఈమధ్య మా వీధిలో ఒక డాబా మీద సెల్ టవర్ పెడతామని కంపెనీ వాళ్లు వచ్చారు. కొందరు వద్దన్నారు. వద్దనడం వాళ్ల హక్కు, దానికి నేనేమీ అనను. కానీ వాళ్లు చూపించిన ఆధారం ఏంటంటే, సినిమా! ‘‘రజనీకాంత్ సినిమాలో చూడలేదా, పిట్టలు ఎలా రాలిపోయాయో’’ అని ఒక పెద్దాయన గట్టిగా అనేసరికి అందరూ చప్పబడిపోయారు. ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు కూడా తలూపారు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి భాగం ‘రోబో’ 2010లో వచ్చింది. పాటల కోసం, చివర్లో వచ్చే గ్రాఫిక్స్ కోసం చూసినవాళ్లే ఎక్కువ అనుకోండి. అయినా దర్శకుడు శంకర్ ఆ హంగామా మధ్యలో ఒక గట్టి ప్రశ్న పెట్టారు. అగ్నిప్రమాదం సీన్ గుర్తుందా? రోబో చిట్టి మంటల్లోంచి ఒక్కొక్కరినీ మోసుకొస్తాడు. స్నానాల గదిలో చిక్కుకుపోయిన అమ్మాయిని కూడా అలాగే, ఒంటి మీద నూలుపోగు లేకుండా, జనం ముందుకీ టీవీ కెమెరాల ముందుకీ తెచ్చేస్తాడు. ప్రాణం కాపాడమన్నారు, కాపాడాడు. ఆ అమ్మాయి అవమానం భరించలేక పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. తప్పు ఎవరిది? చెప్పిన పని చెప్పినట్టు చేసిన యంత్రానిదా, సిగ్గంటే ఏమిటో దానికి నేర్పకుండానే జనంలోకి తెచ్చినవాళ్లదా? పదిహేనేళ్ల కిందట అది మాయాబజార్ కబుర్లా అనిపించింది. ఇవాళ పిల్లలు హోంవర్క్ దగ్గర్నుంచి పెద్దలు లోన్ అప్లికేషన్ దాకా అన్నీ ఏఐ చేతిలో పెడుతుంటే, ఆ సీన్ మళ్లీ చూడాలనిపిస్తోంది.

ఆ సినిమా ముగింపు కూడా బాగుంటుంది. కోర్టు ఆదేశం మీద చిట్టి తనను తానే విప్పుకుంటాడు. తర్వాత మ్యూజియంలో నిన్నెందుకు విప్పేశారని ఒక పాప అడిగితే, ఆలోచించడం మొదలుపెట్టినందుకని చెబుతాడు. రెండో భాగం ఎత్తుకోవాల్సింది అక్కడే.

‘2.0’ దాని జోలికే పోలేదు. కోర్టు వద్దన్న యంత్రాన్ని మళ్లీ బిగిస్తున్నప్పుడు అది మళ్లీ అదుపు తప్పితే జవాబుదారీ ఎవరన్న సంగతి నాలుగు మాటల్లో తేలిపోతుంది. తిరిగొచ్చిన చిట్టికి కొట్లాట తప్ప వేరే పని లేదు. ఆలోచించినందుకు శిక్ష పడిన రోబోకి రెండో భాగంలో ఆలోచనే లేదు! ఎమీ జాక్సన్ వేసిన ఆడ రోబో అయితే ఎందుకు ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చూడ్డానికి బాగాలేదని మాత్రం అనను. త్రీడీ కెమెరాలతోనే తీసిన సినిమా అది. చేతిలోని ఫోన్లు ఒక్కసారిగా పైకి ఎగిరిపోవడం, వేల ఫోన్లు తెరలు వెలిగించుకుని రోడ్డంతా పాకుతూ రావడం, ఆ మొదటి అరగంట నిజంగా ఒళ్లు జలదరిస్తుంది. పక్షిరాజుగా వేసిన అక్షయ్ కుమార్ కూడా ఆ మేకప్ కింద నుంచే పక్షుల మీద ప్రేమను కళ్లతో చూపించాడు. గ్రాఫిక్స్ తెమలక విడుదల ఏడాదికి పైగా వాయిదా పడింది. అంత ఓపిక కథ మీద కూడా పెట్టి ఉంటే బాగుండేది.

అసలు పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. పక్షుల్ని ప్రేమించిన ఆ పక్షిరాజు టవర్‌కి ఉరేసుకుంటాడు. ఆయన ఆత్మ, చచ్చిన పిట్టల ఆత్మలు కలిసి నెగటివ్ ఎనర్జీ అవుతాయి. దాన్ని పాజిటివ్ ఎనర్జీతో పట్టాలని శాస్త్రవేత్త తేలుస్తాడు. విఠలాచార్య సినిమాలో దెయ్యం దెయ్యంలాగే వస్తుంది, చూసినవాడు దాన్ని దెయ్యంగానే తీసుకుంటాడు. ఇక్కడ దానికి ఫోటాన్ల (కాంతి కణాల) పేరు తగిలించి, ల్యాబ్ కోటు వేసుకున్న మనిషి చేత చెప్పించారు. జనం దాన్ని సైన్స్ అనుకున్నారు. మా వీధిలో జరిగింది అదే.

నిజం ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. టవర్ల వల్ల పక్షులకీ తేనెటీగలకీ హాని ఉందేమో చూడమని కేంద్ర పర్యావరణ శాఖ 2010లో నిపుణుల సంఘం వేసింది. జాగ్రత్తగా ఉండాలనీ, ఇంకా పరిశోధన కావాలనీ వాళ్లు చెప్పారు. 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో టవర్ రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. 2020లో దేశంలోని పక్షుల పరిస్థితిపై వచ్చిన నివేదిక ప్రకారం, పిచ్చుకలు పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తం మీద పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉన్నాయి. టవర్లే వాటిని చంపుతున్నాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. నగరంలో పిచ్చుక తగ్గిందంటే గూడు పెట్టుకోవడానికి పెంకుల సందు లేదు, పిల్లలకు పెట్టడానికి పురుగు లేదు అన్నవి ముందు చూడాల్సిన సంగతులు.

పక్షుల చావు మీదే కథ కావాలంటే మన దగ్గర నిజమైనవి లేవా? రాబందుల సంగతే చూడండి. దేశమంతా కోట్లలో ఉండే రాబందులు పదిహేనేళ్లలోనే నూటికి తొంభై ఐదుకు పైగా చచ్చిపోయాయి. ఏ వైరస్సో అని చాలాకాలం వెతికారు. చివరికి తేలిందేంటంటే, పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తిన్న రాబందుకి కిడ్నీలు పాడైపోతాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. డిటెక్టివ్ కథకి ఇంతకంటే ఏం కావాలి? ఇందులో విలన్ అంటూ ఎవరూ లేరు. రైతు తన ఎద్దు నొప్పి తగ్గించాలనుకున్నాడు, అంతే.

బట్టమేక పిట్టది ఇంకో కథ. ఒకప్పుడు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో తిరిగిన ఆ పక్షి ఇప్పుడు దేశం మొత్తం మీద వందల్లోనే మిగిలింది. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది సరిగ్గా కనబడదు, ఎగురుతూ వెళ్లి కరెంటు తీగలకు కొట్టుకుంటుంది. తీగలు భూమిలోంచి వేయమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. సోలార్, గాలిమరల కరెంటు కూడా ఆ తీగల మీదే పోవాలి కాబట్టి 2024లో ఆ ఆదేశాన్ని సడలించాల్సి వచ్చింది. మంచికీ మంచికీ మధ్య తగువు ఇది. ఇలాంటివాటిని ముట్టుకోకుండా, ఫోన్ ఉన్నవాడల్లా హంతకుడే అనేస్తే రాసేవాళ్లకి పని తేలిక.

ఇక మా లంకమల అడవుల్లోని కలివికోడి సంగతి. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న పిట్ట, 1986లో మా కడప జిల్లాలోనే బయటపడింది. దానికోసమే అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. ఇంత జరిగినా మా పిల్లల్లో సగం మందికి దాని పేరు తెలియదు. పక్షిరాజు పేరు మాత్రం అందరికీ తెలుసు.

ఈ సినిమాను అడ్డుకోవాలని నేననడం లేదు. విడుదలకు ముందు సెల్ ఆపరేటర్ల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు చేసింది, అది నాకు నచ్చలేదు. ఊహించే హక్కు సినిమావాళ్లకు ఉంది. టవర్ల మీద అనుమానం ఉన్నవాళ్లు టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ వెబ్‌సైట్‌లో తమ వీధి టవర్ వివరాలు చూసుకోవచ్చు, డబ్బు కట్టి రేడియేషన్ కొలిపించుకోవచ్చు కూడా. మా వీధిలో ఆ మాట చెప్తే చాలామందికి కొత్తగా అనిపించింది.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇలాంటి సినిమా వచ్చినప్పుడు మీ పేపర్లో హీరో ఎంట్రీకి, ఇంటర్వెల్ ట్విస్టుకి, కలెక్షన్లకి బోలెడంత చోటు ఇస్తారు. పక్కనే ఒక చిన్న బాక్సులో అందులోని సైన్స్ ఎంతవరకు నిజమో కూడా వేయండి. రాసేవాళ్లకి కొరతేం లేదు. మా జిల్లాలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, ఒక్క ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బద్వేలు, కడప జిల్లా.