పాత ఫోన్లకు అప్‌డేట్లు అందేదెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

ఆండ్రాయిడ్‌లో బయటపడే భద్రతా లోపాలకు గూగుల్ 2015 నుంచి దాదాపు నెలనెలా సవరణలు ప్రకటిస్తున్నా, పాత ఫోన్ల విషయంలో అవి చిప్ తయారీదారును, ఆపై ఫోన్ కంపెనీని దాటుకుని వినియోగదారుని చేతికి వచ్చేసరికి నెలలు గడిచిపోతున్నాయి. 4 ఏళ్ల నాటి నా ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిస్తే, 8 నెలల కిందటి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, దాని పక్కనే ‘మీ ఫోన్ అప్‌డేట్ అయి ఉంది’ అన్న మాట కనిపిస్తాయి, ఇదెక్కడి లెక్కో! బ్యాటరీ, తెర ఇంకా చక్కగానే ఉన్నాయి. లోపం వివరాలు లోకానికంతా తెలిశాక కూడా సవరణ పంపకపోవడం, తలుపు గడియ విరిగిందని ఊరంతా చాటి వడ్రంగిని పిలవకపోవడం వంటిదే. 2023లో వచ్చిన గూగుల్ సొంత ఫోన్ పిక్సెల్ 8కు 7 ఏళ్ల అప్‌డేట్లు ప్రకటించడం సాధ్యమైనప్పుడు, మిగతా తయారీదారులు కనీసం ఏ మోడల్‌కు ఏ తేదీ వరకు సవరణలు ఇస్తారో పెట్టె మీదే ముద్రించాలి.

– ఒక పాఠకుడు