2024–25 వార్షిక నివేదిక: ఆర్‌సీసీబీ ఎందుకు పడుతోంది?

సభ్యులందరికీ నమస్కారం.

సంపు కడిగించడం, మేడ మీద చెమ్మకు పూత వేయించడం, లిఫ్టు మరమ్మతు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వానలు మొదలైనప్పటి నుంచి మాత్రం నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "కరెంటు ఊరికే పడిపోతోంది, ఎవరినైనా పంపండి." అందుకే ఈసారి ఎక్కువ చోటు దానికే.

ఇంటి మెయిన్ కరెంటు పెట్టె (డీబీ)లో, ఒక్కో లైన్‌కు ఒక్కోటిగా ఉండే స్విచ్‌ల (ఎంసీబీల) పక్కన వెడల్పుగా, చిన్న టెస్ట్ బటన్‌తో కనిపించేదే ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. కరెంటు వచ్చే తీగ (ఫేజ్)లో వెళ్లిందంతా తిరుగు తీగ (న్యూట్రల్)లో తిరిగొస్తే అది కదలదు. తేడా వచ్చిందంటే కొంత భూమిలోకి పోతోందన్నమాట, అప్పుడది పడి కరెంటు ఆపేస్తుంది. మన ఇళ్లలోవి 30 మిల్లీఆంపియర్ల తేడాకు పడేవి, చాలావరకు అంతకన్నా ముందే పడతాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది, లేకపోతే ముట్టుకున్నాక పడుతుంది. అందుకే ఎండాకాలంలో ఎర్త్ గుంతకు నీళ్లు పోయించాం.

మూడో అంతస్తులో ఒక ఇంట్లో ఇస్త్రీపెట్టె వేయగానే పడేది. కొత్త ఇస్త్రీపెట్టె కొన్నారు. దానికీ పడింది, తర్వాత మిక్సీకీ పడింది. ఆర్‌సీసీబీయే పోయిందని దాన్నీ మార్చారు. దొంగ బాత్రూములో ఉంది. వేసవి నుంచి ఎవరూ వేయని గీజర్! స్విచ్ ఆపితే తెగేది ఫేజ్ ఒక్కటే, న్యూట్రల్ అలాగే ఉంటుంది. ఎలిమెంట్ చిట్లి, నీళ్లు చేరి, ఆ న్యూట్రల్ ఎర్త్‌కు తగిలింది. ఇంట్లో ఏది వేసినా తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ దారిన జారిపోయేది. ప్లగ్గు పీకగానే పాత ఇస్త్రీపెట్టే హాయిగా నడిచింది. కొత్తది ఇప్పటికీ అల్మారాలోనే ఉందట.

కాబట్టి ఫోన్ చేసేముందు ఇంత చేయండి. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటే వేస్తూ రండి. దేనికి పడిందో ఆ లైన్‌లోని ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్ ఆపడం చాలదు, పీకాలి. గీజర్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, బాల్కనీ ప్లగ్గు పాయింట్లను ముందు అనుమానించండి. అన్నీ పీకినా, ఎంసీబీలన్నీ దించినా పడుతుంటే న్యూట్రల్ వైపు తప్పు ఉండొచ్చు. అక్కడితో ఆగి మన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతను న్యూట్రల్ తీగలను ఒక్కొక్కటిగా విప్పి, తీగల ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూస్తాడు. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపిన లైనే ముద్దాయి. ఈ పరీక్షకు ముందు టీవీ, కంప్యూటర్, రౌటర్ల ప్లగ్గులు తీయడం మరవకండి.

రెండు ఇళ్లలో మాత్రం లీకేజీయే లేదు. ఇన్వర్టర్ పెట్టినవాళ్లు దాని లైట్ల న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందే కలిపేశారు. వెళ్లేది ఒక దారి, వచ్చేది ఇంకో దారి అయితే అది పడకేం చేస్తుంది?

నన్ను నిజంగా భయపెట్టిన ఇల్లు మరొకటి ఉంది. అక్కడ ఏడాదిగా ఒక్కసారీ కరెంటు పడలేదు. టెస్ట్ బటన్ నొక్కి చూశాం. పిడి టక్కున కిందికి పడింది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పదేపదే పడుతోందని బయటి నుంచి వచ్చిన మనిషెవరో ఆర్‌సీసీబీని దాటించి లోపలి తీగలను నేరుగా కలిపేసి (డైరెక్ట్ చేసి) పోయాడు. ఆ ఇంట్లో పాకే పాప ఉంది. ఆ సాయంత్రమే సరిచేయించాం. ఇలా డైరెక్ట్ చేయించడాన్ని సంఘం ఒప్పుకోదని సమావేశంలో తీర్మానం ప్రతిపాదిస్తున్నాం. అద్దెకున్నవాళ్లకు కూడా దయచేసి చెప్పండి.

ఇకపై ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం 10 గంటలకు అందరం టెస్ట్ బటన్ నొక్కుదాం. పడకపోయినా, పడ్డాక ఫ్యాన్ తిరుగుతున్నా వెంటనే చెప్పండి. ఇంకా మెగ్గర్ పరీక్ష కాని ఇళ్ల జాబితా లిఫ్టు పక్కన అంటించాం. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు తలుపు తీయండి.

– కార్యదర్శి