తాళం లేని ఆటోమేటిక్ కారు

విజయనగరం

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. క్లచ్ లేని కారు కొన్నావని చదివి ఎంత సంతోషించానో! ఆ మోకాలి నొప్పితో విశాఖ ఎత్తుపల్లాల మీద క్లచ్ తొక్కలేక నువ్వు పడిన అవస్థ నాకు తెలియనిది కాదు. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "తాళం పోయినా భయమేముంది, నలుగురు పట్టి తోస్తే కదలని బండి ఉంటుందా" అని. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఉంటుందిరా. మొన్న మా సందులో కళ్ళారా చూశాను. అది నీకు వివరంగా రాస్తే తప్ప నాకు నిద్ర పట్టదు.

మన పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం ముందు ఊరు ఎలా ఉంటుందో నీకు గుర్తుందిగా. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, దాని ముందు రోజు తొలేళ్ళు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా, పూజారి కూర్చునే ఆ పొడవాటి సిరిమాను మూడుసార్లు తిరగాలి. ఆ దారే కాదు, దానికి ఆనుకున్న సందులు కూడా జనంతో కిక్కిరిసిపోతాయి. అందుకని వాహనాలన్నీ ముందే తీసేయమంటారు. సరిగ్గా ఆ సమయంలో మాస్టారి అల్లుడిగారి కారు సందు మధ్యలో నిలిచిపోయింది. ఆయన హైదరాబాదు నుంచి వచ్చి, కారు ఆపి, సామాన్లు దించి, పిల్లల్ని చూసుకుంటూ లోపలికి వెళ్ళారు. ఆ హడావిడిలో తాళం ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. కారు తలుపులు తెరిచే ఉన్నాయి. ఇల్లంతా వెతికారు, సందంతా వెతికారు, కాలువ కూడా వదలలేదు. రెండో తాళం హైదరాబాదులో వాళ్ళ ఇంట్లో భద్రంగా ఉంది.

సందులో ఉన్న కుర్రవాళ్ళు చొక్కా చేతులు మడుచుకుని వచ్చేశారు. ఒకడు వెనక నుంచి, ఇద్దరు పక్క నుంచి ఊపిరి బిగబట్టి తోశారు. కారు ముందు టైర్లు అంగుళం కూడా తిరగలేదు. ఇంకో నలుగుర్ని పిలుస్తామన్నారు. అంతలో బజారు మలుపులో షెడ్డు ఉన్న మెకానిక్ వచ్చి అందరినీ ఆపాడు. అతనిని చూస్తే నాకు గౌరవం పెరిగింది. ముందు కారు ఎవరిదని అడిగాడు. అల్లుడిగారు ఫోనులో డిజిలాకర్ తెరిచి ఆర్.సి. చూపించాకే చెయ్యి వేశాడు. తాళం లేని కారును కదపమని ఎవరైనా అడిగితే ఇలా అడగడం న్యాయం. అడగని మెకానిక్‌ను నమ్మకూడదని నా అభిప్రాయం.

అతను చెప్పిన సంగతి ఇది. తాళంతో స్టార్ట్ చేసే ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి గేర్ లివర్‌ను పార్క్‌లో పెడితే తప్ప తాళం బయటికి రాదు. కాబట్టి తాళం పోయిన కారు పార్క్‌లోనే ఉంటుంది. పార్క్ అంటే గేర్ బాక్సు లోపల పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది, దాని పళ్ళ సందులో ఒక ఇనుప ముక్క వచ్చి పడుతుంది, తలుపు గడియ పడినట్టు. ఇంజను నడిపే చక్రాలు అప్పుడు తిరగవు. మన దగ్గర చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే, కనుక ముందు రెండూ బిగుసుకుంటాయి. వెనక చక్రాలకు హ్యాండ్ బ్రేకు వేసి ఉంటే నాలుగూ బిగుసుకున్నట్టే. ఇక బలంగా తోసినా, తాడు కట్టి లాగినా ఆ చిన్న ఇనుప ముక్క మీదే భారం పడుతుంది. విరిగితే గేర్ బాక్సు విప్పాలి. ఆ ఖర్చు ముందు తాళం ఖర్చు లెక్కలోకి రాదు.

మరి లివర్‌ను న్యూట్రల్‌కు, అంటే చక్రాలు స్వేచ్ఛగా తిరిగే స్థానానికి, లాగకూడదా అంటావు. మామూలుగా తాళం తిప్పి, బ్రేకు మీద కాలు పెడితేనే అది పార్క్ నుంచి కదులుతుంది. పిల్లలు ఆడుకుంటూ లాగినా బండి కదలకుండా పెట్టిన జాగ్రత్త అది. అయితే బ్యాటరీ చచ్చిపోయినప్పుడు దారి ఉండాలి కదా. అందుకే చాలా కార్లలో లివర్ పక్కన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, వేలి గోరంత. పైన షిఫ్ట్ లాక్ అని ఆంగ్లంలో రాసి ఉంటుంది, లేదా ఏమీ రాయకుండా నున్నగా ఉంటుంది. మెకానిక్ స్క్రూ డ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి ఆ మూత లేపాడు. ముందు హ్యాండ్ బ్రేకు బిగించాడు, వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టించాడు, అప్పుడు ఆ రంధ్రంలోకి స్క్రూ డ్రైవర్ దించి నొక్కిపట్టి లివర్ లాగాడు. లివర్ వచ్చి న్యూట్రల్‌లో ఆగింది. కుర్రవాళ్ళు ఈలలు వేశారు.

ఆ వరుస మాత్రం నువ్వు మరచిపోవద్దు. బ్రేకు, రాళ్ళు, ఆ తర్వాతే న్యూట్రల్. ఇంజను ఆగి ఉన్న కారులో బ్రేకు పెడల్‌ను రెండు మూడు సార్లు తొక్కేసరికి గట్టిపడిపోతుంది, ఎందుకంటే దానికి సాయం చేసే వాక్యూమ్ ఇంజను నుంచే రావాలి. పల్లంలో న్యూట్రల్ చేసి, కాలితో ఆపుదామనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఎత్తు మీద నిలిపిన కారైతే ఇంకో చిక్కు: బరువంతా ఆ ఇనుప ముక్క మీద వేలాడుతూ ఉంటుంది కనుక లివర్ రానంటుంది. అప్పుడు నలుగురు కలిసి ఎత్తు వైపు కొద్దిగా తోసి పట్టుకోవాలి, బరువు దిగగానే లివర్ వస్తుంది. నీ ఇల్లు ఎలాగూ ఏటవాలు మీదే. రోజూ ఆపేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచి లివర్‌ను న్యూట్రల్‌కు తెచ్చి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు మీద నుంచి కాలు తీసి కారును దాని మీద నిలబడనిచ్చి, ఆ తర్వాత పార్క్‌లో పెట్టు. బరువు హ్యాండ్ బ్రేకు మోస్తుంది.

కారు న్యూట్రల్‌కు వచ్చింది కదా అని అందరూ సంబరపడ్డారు. కానీ స్టీరింగ్ ఉందిగా! తాళం తీశాక స్టీరింగ్ కాస్త తిరిగితే చాలు, టక్కున లాక్ పడుతుంది. అల్లుడిగారి కారు చక్రాలు ఎడమకు తిరిగి ఉండగా లాక్ పడింది. తోస్తే కారు వంపు తిరుగుతూ నేరుగా కాలువలోకి పోతుంది. స్టీరింగ్‌ను బలవంతంగా తిప్పేద్దామని ఒక పెద్దాయన ముందుకు వచ్చారు. మెకానిక్ చేతులు జోడించి వద్దన్నాడు. లాక్ విరగ్గొడితే ఆ తర్వాత నడిపేటప్పుడు స్టీరింగ్ ఏమవుతుందో ఎవరూ పూచీ పడలేరు. గోడ నుంచి కాస్త ఎడం వచ్చేదాకా మూరెడు మేర తోసి ఆపేశారు.

మిగతా పని రికవరీ బండి వాళ్ళు చేశారు. కారును మొత్తంగా ఎక్కించుకునే పెద్ద బండి సందులోకి రాలేదు, మలుపు దగ్గరే ఆగింది. వాళ్ళు రెండు ఇనుప చట్రాలు తెచ్చారు. ఒక్కో చట్రానికి అడుగున నాలుగు చిన్న గిలకల చక్రాలు, మధ్యలో టైరును రెండు వైపుల నుంచి పట్టే రోలర్లు. పెడల్ తొక్కుతుంటే రోలర్లు దగ్గరకు వచ్చి టైరును నేల మీద నుంచి లేపుతాయి. ముందు చక్రాల కింద చెరొకటి పెట్టి లేపి, హ్యాండ్ బ్రేకు దించారు. ఇక స్టీరింగ్ లాక్‌లో ఉన్నా, చక్రం ఎటు తిరిగి ఉన్నా పట్టింపు లేదు. ఇద్దరు మనుషులు కారు మూతిని పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పుకుంటూ సందు దాటించారు. ఆ సాధనం ఎంత బాగుందో! వంద మంది బలం చేయలేని పని అది చేసింది. సందు చివర నుంచి పెద్ద బండి మీదికి ఎక్కించి, మాస్టారి బంధువుల ఖాళీ స్థలంలో దించారు. తొలేళ్ళ సాయంత్రానికి సందు ఖాళీ.

తాడు కట్టి ఇంకో కారుతో లాగించుకుంటే డబ్బు మిగులుతుందని నీకు ఎవరైనా సలహా ఇస్తారు, వినకు. ఆటోమేటిక్ గేర్ బాక్సులో నూనెను తిప్పే పంపు చాలా కార్లలో ఇంజనుతోనే నడుస్తుంది. ఇంజను ఆపి ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లుతూ దూరం పోతే, లోపల పళ్ళు నూనె లేకుండా రాసుకుంటాయి. నాలుగు గజాలు జరపడం వేరు, విజయనగరం నుంచి భోగాపురం దాకా లాగడం వేరు. ముందు చక్రాలు ఎత్తాలి, లేదా కారు మొత్తాన్ని బండి ఎక్కించాలి. పాత కార్లను తోసి స్టార్ట్ చేసినట్టు దీన్ని చేయలేమని కూడా గుర్తుంచుకో, బ్యాటరీ పోయినా సరే.

ఒక్క సంగతి నువ్వే చూసుకోవాలి. నీ కారు గేర్ లివర్ దగ్గర పి అక్షరం ఉందా? 2014లో సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ రకం కార్లలో సాధారణంగా ఆ అక్షరం ఉండదు. లోపల మామూలు గేర్ బాక్సే, క్లచ్ తొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. దాన్ని గేర్‌లోనే ఉంచి ఇంజను ఆపుతారు, కరెంటు లేనిదే గేర్ మారదు. అలాంటి కారుకు నేను చెప్పిన మూత వెతికి లాభం లేదు, ముందు చక్రాలు లేపడమే మార్గం. లివర్ బదులు గుండ్రటి మీట ఉండే ఖరీదైన కార్లకు, బటన్‌తో హ్యాండ్ బ్రేకు పడే కార్లకు కూడా ఇదే కష్టం. నీది ఏ రకమో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అత్యవసర సందర్భాల గురించిన భాగం ఈ ఆదివారమే చదువు, నా మాట విను.

నీది జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే తాళమైతే, ఒక్కోసారి తాళం ఉన్నా కారు గుర్తించదు. కంగారు పడకు. తాళం లోపలి నాణెంలాంటి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఆ తాళంలోనే సన్నని ఇనుప తాళం దాగి ఉంటుంది, దాంతో తలుపు తీయి. తర్వాత తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి.

అల్లుడిగారికి రెండో తాళం హైదరాబాదు నుంచి తెలిసినవాళ్ళు రాత్రి రైలులో తెచ్చి ఇచ్చారు. అమ్మవారి దర్శనం చేసుకుని వెళ్ళారు. వెళ్ళే ముందు మెకానిక్ మరో మాట చెప్పి పంపాడు: పోయిన తాళం ఎవరికైనా దొరకవచ్చు, కనుక షోరూములో దాని గుర్తింపును కారు కంప్యూటర్ నుంచి తీయించి, కొత్త తాళం చేయించుకోవాలి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసి రసీదు పెట్టుకోవాలి. కారు దొంగతనం జరిగితే బీమావాళ్ళు సాధారణంగా రెండు తాళాలూ అడుగుతారు, అప్పుడు ఒక్కటే ఉందంటే గొడవ. తాళం పోతే ఖర్చు ఇచ్చే అదనపు బీమా కూడా దొరుకుతుంది, నీ పాలసీలో ఉందో లేదో చూసుకో.

నీ రెండో తాళం మాత్రం మొదటి దానితో కలిపి ఒకే గుత్తికి తగిలించకు. చెల్లెమ్మ దగ్గర ఉంచు. లివర్ పక్కన మూత కనబడితే ఫోటో తీసి పంపు, ఏ వైపు నుంచి లేపాలో మెకానిక్‌ను అడిగి రాస్తాను.

నీ
పాత బెంచీ మిత్రుడు