వార్షిక నివేదిక 2024–25: శరణు కోరి వచ్చినవారితో మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు బ్రిటన్‌లోని మన సంఘం తరఫున, శరణు కోరి వచ్చినవారి కోసం సేవా ఉపసంఘం చేసిన పనుల నివేదిక ఇది. పండుగ కార్యక్రమాల వివరాలు సాంస్కృతిక ఉపసంఘం విడిగా పంపింది. జమాఖర్చులు కోశాధికారి గారి పత్రంలో ఉన్నాయి. ఈ కాగితం కాస్త పొడవుగానే ఉంటుంది. పోయిన సర్వసభ్య సమావేశంలో అన్నిటికంటే గట్టిగా వాదన జరిగింది దీని మీదే, అందుకని.

ముందు ఆ వాదన సంగతి చెప్పాలి. శరణు కోరి, కొందరు చిన్న పడవల్లో సముద్రం దాటి, ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామందిని నిర్ణయం వచ్చేదాకా ప్రభుత్వం తన ఖర్చుతో హోటళ్లలో ఉంచింది. "వీసా ఫీజు కట్టాం, దానిపైన హెల్త్ సర్‌చార్జి కట్టాం, పన్ను కడుతున్నాం. అయినా అమ్మానాన్నల్ని తెచ్చుకోలేకపోతున్నాం. పడవెక్కి వచ్చినవాళ్లకి మాత్రం హోటల్ గదులా?" అని ఒక సభ్యులు అడిగారు. చాలామంది తలూపారు. ఆ కోపంలో నిజం ఉంది. ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే ఆ సర్‌చార్జి 2024 ఫిబ్రవరిలో మనిషికి ఏడాదికి 624 పౌండ్ల నుంచి ఒక్కసారిగా 1,035 పౌండ్లకి పెరిగింది. కుటుంబంతో వచ్చినవాళ్లు ఐదేళ్లదీ ముందే కట్టాల్సి వచ్చి అప్పులు చేశారు. కానీ ఆ డబ్బు తీసుకున్నది హోటల్ గదిలో ఉన్న మనిషి కాదు. ఆ గదికయ్యే ఖర్చు పెంచిందీ అతను కాదు. ఇళ్ల వసతి కాంట్రాక్టులకు 2019 నుంచి పదేళ్లకు 450 కోట్ల పౌండ్లు చాలనుకున్నారు. అది 1,530 కోట్లకు చేరేలా ఉందని ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2025 మే నెలలో లెక్క చెప్పింది. అప్పటికి వసతి పొందుతున్నవాళ్లలో హోటళ్లలో ఉన్నది దాదాపు మూడో వంతు. ఖర్చులో నాలుగింట మూడు వంతులు మాత్రం హోటళ్లకే పోయింది.

"మనలాగా లైన్లో రావచ్చు కదా" అన్న మాట కూడా వచ్చింది. ఆ లైన్ లేదు. శరణు కోరడానికంటూ బయటి దేశం నుంచి పెట్టుకునే వీసా బ్రిటన్‌లో లేదు. ఇక్కడ అడుగుపెట్టాకే అడగగలరు. ఉక్రెయిన్ వాళ్లకి, హాంకాంగ్ వాళ్లకి ప్రత్యేక దారులు తెరిచారు, మంచిదే. సూడాన్, ఎరిత్రియా, ఇరాన్ నుంచి పారిపోయి వచ్చేవాళ్లకి అలాంటి పథకం ఏదీ లేదు. ప్రాణభయంతో నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు హాజరైతే, దొంగదారిన వచ్చావని శిక్షించకూడదని 1951 శరణార్థుల ఒప్పందం 31వ అధికరణం చెబుతోంది. దాని మీద సంతకం పెట్టిన తొలి దేశాల్లో బ్రిటన్ ఒకటి. అదే బ్రిటన్‌లో ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 10న పౌరసత్వ మార్గదర్శకాలు మార్చింది. అక్రమంగా ప్రవేశించినవారు శరణార్థులుగా గుర్తింపు పొందినా, ఎన్నేళ్లు గడిచినా, పౌరసత్వం మాత్రం సాధారణంగా ఇవ్వబోమంది.

ఇక పనుల సంగతి.

ఇంగ్లీషు తరగతులు, డాక్టర్ దగ్గర నమోదు

వారాంతం తరగతులు ఏడాదంతా నడిచాయి, ఆగస్టులో ఒక్క వారం తప్ప. ప్రభుత్వ ఖర్చుతో నడిచే కాలేజీ కోర్సుల్లో చేరాలంటే శరణు కోరినవాళ్లు సాధారణంగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలే మనిషికి భాష ఎక్కువ అవసరం. అందుకే మన తరగతులకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొత్తవాళ్లే. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, ఫార్మసీలో ఏం అడగాలి, లాయర్ ఉత్తరంలో తేదీ ఎక్కడుంటుంది, పిల్లల బడి నుంచి వచ్చే మెసేజ్‌కి ఏం జవాబివ్వాలి అన్నవే నేర్పించాం. టీచర్లుగా వచ్చినవాళ్లలో డిపెండెంట్ వీసా మీద ఉన్న మన ఆడవాళ్లు ఎక్కువ. వాళ్లు లేకపోతే ఈ తరగతులు లేవు.

మన సభ్యుల్లో డాక్టర్లు, నర్సులు చాలామంది ఉండటం కలిసొచ్చింది. ఇంగ్లండ్‌లో జీపీ, అంటే మన పేట డాక్టరు, దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి వీసా స్థితితో పని లేదు. అడ్రస్ రుజువు, పాస్‌పోర్టు లేవని తిప్పి పంపకూడదు. అయినా ఒక క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గరే ఆపేశారు. మన డాక్టరు గారు ఒకరు వెంట వెళ్లి మర్యాదగా రూలు చెప్పేసరికి పని అయిపోయింది. అన్నీ ఇంత తేలిగ్గా కాలేదు. నిద్ర పట్టక, పీడకలలతో బాధపడేవాళ్లకి మానసిక వైద్యుల అపాయింట్‌మెంట్ దొరకడం చాలా కష్టంగా ఉంది. అక్కడ మనం చేయగలిగింది కూర్చుని వినడమే.

శరణు కోరినవాళ్లకి సంఘం ఇచ్చే బస్సు టికెట్ల నిధి గురించి కొందరు అడిగారు, "దానికీ మనమేనా?" అని. లెక్క చూడండి. భోజనం పెట్టే హోటల్లో ఉన్న మనిషికి ఈ నివేదిక కాలంలో వారానికి చేతికిచ్చింది 8.86 పౌండ్లు. 2025 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో బస్సు టికెట్ గరిష్ఠ ధర 2 నుంచి 3 పౌండ్లకి పెరిగింది. లాయర్ దగ్గరికి ఒక్కసారి వెళ్లొస్తే 6 పౌండ్లు పోతాయి. మిగిలిన దాంట్లో ఫోన్ రీచార్జా, సబ్బా, చెప్పులా? సొంతంగా వండుకునే వసతిలో ఉన్నవాళ్లకి వారానికి 49.18 పౌండ్లు ఇచ్చారు, కానీ తిండి, బట్ట, అన్నీ అందులోనే.

"పని చేసుకోవచ్చు కదా" అనేవాళ్లకి: చేయనివ్వరు. దరఖాస్తు పెట్టి 12 నెలలు దాటినా నిర్ణయం రాకపోతే, ఆ ఆలస్యం తన వల్ల కాకపోతే, అప్పుడు అనుమతి అడగొచ్చు. ఇచ్చినా ప్రభుత్వం పెట్టిన జాబితాలోని ఉద్యోగాలే చేయాలి. మన తరగతికి వచ్చేవాళ్లలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, లెక్కల టీచర్ ఉంది, దర్జీ ఉన్నాడు. చేతులు కట్టేసి కూర్చోబెట్టి, కూర్చుని తింటున్నారని తిట్టడం ఈ విధానంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించే సంగతి.

ఆగస్టు వారం

2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల మీద కత్తి దాడి జరిగింది. చేసింది పడవలో వచ్చిన శరణార్థి అని అబద్ధం పుట్టించారు. ఆగస్టు 4న రోథరమ్, టామ్‌వర్త్‌లలో శరణు కోరినవాళ్లు ఉంటున్న హోటళ్ల మీద మూకలు దాడి చేశాయి, మనుషులు లోపల ఉండగానే నిప్పు పెట్టాయి. ఆ వారం మన తరగతి ఆపేశాం. మన సభ్యులు కూడా ఇళ్లలోనే ఉండిపోయారు. కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసే అమ్మాయిలు టెన్షన్‌తో ఫోన్లు చేస్తే కార్లున్నవాళ్లు వంతులవారీగా దింపి వచ్చారు. పడవలో వచ్చినవాళ్లు వేరు, మనం వేరు అన్న మాట ఆ వారం మన గ్రూపులో ఎవరూ అనలేదు. రాళ్లు వేసేవాడు వీసా చూసి వేయడు.

ఆగస్టు 7 సాయంత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్ల ఆఫీసుల ముందు గొడవలు చేస్తామని ఒక జాబితా తిరిగింది. ఆ రోజు వాటిని కాపాడటానికి వీధుల్లోకి వచ్చినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. అదీ గుర్తుపెట్టుకోవాలి.

నిరీక్షణ ఏళ్లు, గడువు రోజులు

శరణు కోరి వచ్చినవాళ్లను ఆఫ్రికాలోని రువాండాకి పంపేయాలన్న పథకం 2022 ఏప్రిల్‌లో మొదలై, 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయి, 2024 ఏప్రిల్‌లో మళ్లీ చట్టమై, జులైలో ప్రభుత్వం మారగానే రద్దయింది. 70 కోట్ల పౌండ్లు ఖర్చయినట్టు అప్పటి హోం సెక్రటరీ పార్లమెంటులో చెప్పారు. వెళ్లింది నలుగురు, వాళ్లూ ఇష్టపడి వెళ్లినవాళ్లే. దీని అసలు నష్టం ఆ డబ్బు కాదు. 2023 నాటి చట్టం పేరు చెప్పి వేల దరఖాస్తుల మీద నిర్ణయాలు ఆపేశారు. ఎటూ తేల్చకుండా మనుషుల్ని హోటళ్లలో ఉంచేశారు. 2024 వేసవి తర్వాత నిర్ణయాలు వేగం పెరిగాయి, కానీ తొలి నిర్ణయంలోనే ఆమోదం పొందేవారు 2023లో 67 శాతం ఉంటే 2024లో 47 శాతానికి పడిపోయారు. దాంతో క్యూ అప్పీలు కోర్టులకి జరిగింది. 2024 చివరికి అక్కడ దాదాపు 42 వేల శరణు కేసులు పెండింగ్‌లో ఉన్నాయి. వాటిని ప్రభుత్వ ఖర్చుతో వాదించే లీగల్ ఎయిడ్ లాయర్ల రుసుము 1996 నుంచి ఈ నివేదిక కాలం దాకా పెరగకపోగా 2011లో 10 శాతం తగ్గింది. ఆ రేటుకి పని చేసే లాయర్లు ఊరికొకరు కూడా దొరకలేదు. ఈ ఏడాది మాకు ఎక్కువ సమయం పట్టింది లాయర్‌ని వెతకడానికే.

అంతకంటే కష్టమైన దశ మాత్రం గెలిచాక వస్తుంది. ఇది నేను ఊహించలేదు.

శరణార్థి హోదా వచ్చిందంటే స్వీట్లు పంచుకోవాల్సిన రోజు. ఆ రోజు నుంచే గడియారం మొదలవుతుంది. 2024 డిసెంబర్ దాకా 28 రోజుల్లో వసతి ఖాళీ చేయాల్సి ఉండేది, వారం వారం వచ్చే డబ్బు ఆగిపోయేది. యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతికి దరఖాస్తు పెట్టుకుంటే మొదటి చెల్లింపుకి ఐదు వారాలు, అంటే 35 రోజులు. చిన్న పిల్లవాడికీ తెలిసే కూడికలో ఈ రెండూ కుదరవు. ఇల్లు అద్దెకి అడిగితే డిపాజిట్, గ్యారంటర్, జీతం చీటీ అడుగుతారు. జీతం చీటీ ఎక్కడి నుంచి వస్తుంది? నిన్నటిదాకా పని చేయడమే నిషేధం. ఒంటరి మగవాళ్లకి స్థానిక కౌన్సిల్ ఇచ్చే ఇళ్లలో ప్రాధాన్యం ఉండదు. రెండేళ్లు ఓపికగా ఎదురుచూసిన ఒకతను హోదా వచ్చిన నెల తర్వాత స్నేహితుల గదుల్లో నేల మీద పడుకుంటూ తరగతికి వచ్చాడు.

2024 డిసెంబర్ 9 నుంచి ఈ గడువును ప్రయోగాత్మకంగా 56 రోజులు చేశారు. ఆ తేడా కళ్లారా చూశాం. శీతాకాలంలో హోదా పొందినవాళ్లలో మనకు తెలిసిన ఎవరూ వీధిన పడలేదు. ఇందులో మన సభ్యుల పాత్ర కూడా ఉంది. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు మనలో తక్కువేమీ కాదు. వాళ్లలో కొందరు గ్యారంటర్ అడగకుండా గదులిచ్చారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

అదే సమయంలో, కార్డు బదులు ఆన్‌లైన్‌లోనే ఉండే ఈ-వీసా వచ్చిపడింది. చాలా బయోమెట్రిక్ కార్డుల మీద గడువు తేదీ 2024 డిసెంబర్ 31 అని ఉండటంతో మన ఇళ్లలో కూడా ఎంత హడావుడి అయిందో తెలుసు. ఆన్‌లైన్ ఖాతా తెరవడం, వీసా స్థితి ఇతరులకి చూపించే షేర్ కోడ్ తీయడం మనకే తలనొప్పి అయితే, పగిలిన ఫోన్, మాటిమాటికీ మారే నంబరు ఉన్న మనిషికి ఎలా ఉంటుంది? డిసెంబర్‌లో మన ఐటీ కుర్రాళ్లు పెట్టిన సహాయ శిబిరానికి మనవాళ్లూ, వాళ్లూ ఒకే వరసలో కూర్చున్నారు.

మనవాళ్ల సంగతి

వృద్ధులను, రోగులను చూసుకునే కేర్ వర్కర్ వీసా మీద వచ్చి మోసపోయినవాళ్లు ఈ ఏడాది కూడా సంఘం తలుపు తట్టారు. ఏజెంట్లకి లక్షల రూపాయలు పోసి వచ్చాక ఇక్కడ పని లేదు, లేదా చెప్పిన గంటల్లో సగం కూడా లేవు. 2022 జులై నుంచి 2024 డిసెంబర్ వరకు కేర్ రంగంలో విదేశీ కార్మికులను తెచ్చుకోవడానికి యజమానులకిచ్చే స్పాన్సర్ లైసెన్సులు 470కి పైగా రద్దు చేశామనీ, వాటితో సంబంధమున్న కార్మికులు 39 వేలకి పైనేననీ ప్రభుత్వమే చెప్పింది. తప్పు యజమానిది. శిక్ష మాత్రం కార్మికులకి: సాధారణంగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. హోటల్లోని మనిషికి 2024 డిసెంబర్ దాకా 28, మనకి 60. లెక్క వేరు, పద్ధతి ఒకటే.

ఒక విషయం సూటిగా చెప్పాలి. వీసా అయిపోతున్న విద్యార్థులకి, స్పాన్సర్ పోయినవాళ్లకి "అసైలం పెట్టేయ్, ఏళ్లు గడిచిపోతాయి" అని నేర్పే దళారులు మన భాషలోనే మాట్లాడుతున్నారు. 2024లో శరణు కోరిన లక్షా 8 వేల మందిలో సుమారు 16 వేల మంది అంతకుముందు స్టూడెంట్ వీసా ఉన్నవాళ్లు. వాళ్లందరూ అబద్ధాలాడారని నేను అనను. చదువుకుంటుండగా సొంత దేశంలో పరిస్థితి తలకిందులైనవాళ్లు అందులో ఉంటారు. కానీ భయం లేని మనిషి డబ్బిచ్చి భయం కథ కొనుక్కుంటే, ఆ కథ రేపు నిజంగా భయపడి వచ్చినవాళ్ల నోటికి అడ్డం పడుతుంది. అలాంటి ప్రకటనలను మన గ్రూపుల్లో పెట్టినవాళ్లను తొలగించాం, ఇకముందూ తొలగిస్తాం.

ఇంకొక హెచ్చరిక మన వలంటీర్లకే. ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడానికి గుర్తింపు ఉండాలి. లేకుండా ఇస్తే 1999 చట్టం కింద నేరం, డబ్బు తీసుకోకపోయినా సరే. ఫారం నింపే దగ్గర "ఇలా రాయండి" అనే మాట నోటి చివరి దాకా వస్తుంది. ఆపుకోండి. గుర్తింపు ఉన్నవాళ్ల జాబితా మన దగ్గర ఉంది, అక్కడికి పంపండి.

వచ్చే ఏడాదికి

తరగతులు, టికెట్ల నిధి కొనసాగుతాయి. వారం మధ్యలో ఒక సాయంత్రం తరగతి పెట్టాలని ఉంది, హాలు దొరికింది, పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. అరబిక్, ఫార్సీ, తమిళం వచ్చిన సభ్యులు ఎవరైనా ఉంటే చెప్పండి.

సర్వసభ్య సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. 56 రోజుల గడువును ప్రయోగంగా కాక శాశ్వతం చేయాలని మన ఎంపీకి సంఘం తరఫున ఉత్తరం రాయడం మొదటిది. ఆరు నెలలు దాటినా నిర్ణయం రానివాళ్లకి ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఇవ్వాలని కోరడం రెండోది. రెండో దాని మీద కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. అందుకే చేతులెత్తే పద్ధతి కాకుండా చీటీలతో ఓటింగ్ పెడుతున్నాం. వ్యతిరేకంగా మాట్లాడదలచినవాళ్లు ముందుగా పేరు ఇస్తే, అనుకూలంగా మాట్లాడేవాళ్లతో సమానంగా సమయం ఇస్తాం.

కార్యదర్శి